మా అత్త కాపు కాసిన పాతర

మొన్న రాయచూరు శివారులో మా మనవడు కట్టుకుంటున్న ఇంటికి సంపు తవ్విస్తూ, "అవ్వా, రా, సూద్దువు" అని నన్ను కుర్చీతో సహా ఎత్తుకెళ్లినంత పని చేశాడు. సంపు అంటే కొళాయి వచ్చిననాడు నీళ్లు పట్టి దాచుకునే నేలతొట్టి. ఈ ఊళ్లో నీళ్లు ఎప్పుడు వస్తాయో వదిలేవాడికి కూడా తెలియదు గనుక, ఇల్లు కట్టేవాళ్లు ముందు సంపు సంగతి చూసుకుని తరువాత వంటింటి గురించి ఆలోచిస్తారు. గోతి అంచున నిలబడి లోపలికి తొంగి చూశాను. అడుగున ఇద్దరు మనుషులు తలలకు తువ్వాళ్లు చుట్టుకుని తట్టల్లోకి మట్టి ఎత్తుతున్నారు. కింద నుంచి ఒక్కసారిగా చల్లటి తడిమట్టి వాసన వచ్చింది. నాకు తెలియకుండానే వెనక్కి జరిగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "ఏమైంది అవ్వా, కండ్లు తిరిగినయా?" అని మనవడు కంగారు పడ్డాడు. కాదురా, మీ ముత్తవ్వ గుర్తొచ్చింది అన్నాను. గోతికీ ముత్తవ్వకూ సంబంధం ఏమిటని అడిగే తీరిక వాడికి లేదు, అప్పుడే సిమెంటు లారీ వచ్చింది. వాడు అడగలేదు గనుక మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది యరమరస్‌లో. ఇప్పుడక్కడ కరెంటు తయారుచేసే పొగగొట్టాలు లేచాయి గాని, అప్పట్లో అది రైలు కాసేపు ఆగి పోయే చిన్న ఊరు. మా నాయనకు ఒక బండీ, ఒక జత ఎడ్లూ, నలుగురు ఆడపిల్లలూ. పత్తికాలంలో చుట్టుపక్కల పల్లెల నుంచి గింజ తీసే రాయచూరు జిన్ను మిల్లులకు పత్తి తోలేవాడు. పత్తి లేని కాలంలో ఏ పని దొరికితే ఆ పని. ఇంట్లో జొన్నలు ఉన్నాయా లేవా అన్నది మా అమ్మ మొహం చూస్తే తెలిసిపోయేది. అందువల్ల నాకు సంబంధం చూడడానికి పోయినప్పుడు మా నాయన పిల్లవాడి ముక్కూ మొహం సరిగా చూడలేదట. తుర్విహాళ దగ్గరి ఒక పల్లెలో, ఆ ఇంటి ముందర జొన్నల పాతర ఉందని తెలియగానే, గుడి చుట్టూ తిరిగినట్టు దాని మూత చుట్టూ తిరిగి, మడమతో ఒకసారి తట్టి చూసి, ఇంటికి వచ్చి మా అమ్మకు ఒకటే మాట చెప్పాడు. "పాతర ఉన్న ఇల్లు. బిడ్డ ఆకలికి సావది." పిల్లగాడు ఎట్లున్నాడని మా అమ్మ అడిగితే కాసేపు ఆలోచించి, "ఉన్నడు" అన్నాడట.

పాతర గురించి ఈ కాలం వాళ్లకు కొంచెం చెప్పాలి. నేలలో తవ్విన గాదె అనుకోండి. మూతి ఒక మనిషి దిగేంత, లోపల పొట్ట మాత్రం కుండలాగా విశాలం. అడుగునా చుట్టూ జొన్నచొప్ప మందంగా పేర్చి, నడుమ వేపాకు వేసి, గలగలలాడేలా ఎండబెట్టిన జొన్నలు నింపుతారు. పైన మళ్లీ చొప్ప, దాని మీద రాతిబండ, బండ అంచుల వెంట పేడా మట్టీ కలిపి మెత్తుతారు. కన్నడం వాళ్లు దీన్నే హగేవు అంటారు. మాది వాన ఎప్పుడు పడుతుందో తెలియని సీమ. ఆ రేగడి నేలలో మనిషి లోతున చెమ్మ అనేదే ఉండేది కాదు. గాలి తగలదు, పురుగు బతకదు, దొంగకు కనపడదు, ఏళ్ల తరబడి గింజ గింజలాగే ఉండేది. దీనికొక కట్టుబాటు కూడా ఉంది. మంచి కాలంలో పాతర తెరవకూడదు. వానలు కురిసిన ఏడు బండ లేపితే కరువును చెయ్యి పట్టి ఇంట్లోకి పిలిచినట్టు. కరువు వచ్చిన ఏడు మాత్రం తెరిచి తీరాలి. తెరిచి, వీధిలో అడిగిన ప్రతి ఇంటికీ ఇంత అని కొలిచి ఇవ్వాలి. పంట చేతికొచ్చాక వాళ్లు తిరిగి తెచ్చి పోస్తారు. ఇవ్వనన్న ఇంటికి ఊళ్లో పొయ్యిలోకి నిప్పు కూడా పుట్టదు.

మా పాతరలో ఉన్నవి, ఊరికి కాలువ నీళ్లు రావడానికి ముందటేడు మా మామ చేతులతో నింపినవి. ఆ తరువాత ఆయన పోయాడు. అప్పటి నుంచి మా అత్త ఆ మూత మీదనే కాపురం పెట్టిందంటే అబద్ధం కాదు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఊరి పొలిమేర దాకా. పొద్దున్నే వచ్చి బండ మీద కూర్చుని వేపపుల్ల నమిలేది. మధ్యాహ్నం అక్కడే పప్పులో రాళ్లు ఏరేది. సాయంత్రం ఆకువక్కల సంచి పక్కన పెట్టుకుని, పోయేవాళ్లను ఆపి వాళ్ల ఇంటి గుట్లన్నీ కక్కించి పంపేది. పొదిగే కోడిలాగా అవసరానికి తప్ప లేచేది కాదు. ప్రతి అమావాస్యకూ మూత అంచులు మెత్తడం కోడలిగా నా పని. నేను పేడ పిసుకుతుంటే పక్కన నిలబడి, "ఆ మూలకు జర మందంగ పెట్టు. మీ యరమరస్‌ల అలుకుడు గిట్లనే ఉంటదా?" అని నా పుట్టింటిని కూడా అందులో కలిపి పిసికేది. వానాకాలంలో మెత్తిన మట్టి చిట్లి, ఆ సందులోంచి పులిసిన అంబలి వాసన లాంటిది వచ్చేది. "అత్తా, ఏందో వాసనొస్తుంది" అంటే, "పందికొక్కు సచ్చింది తియ్. ఇంకింత పేడ పెట్టు" అనేది. ఏటా అదే మాట. మా ఇంటి ముందర చచ్చినన్ని పందికొక్కులు రాయచూరు జిల్లా మొత్తంలో చచ్చి ఉండవు. కొత్త కోడలిని, అత్త పందికొక్కు అంటే పందికొక్కే అనుకుని పేడ పెట్టాను.

నేను కాపురానికి వచ్చేసరికే తుంగభద్ర కాలువ పారుతూ ఉంది. కాలువ వెంట కోస్తా నుంచి రైతులు వచ్చారు. అక్కడ ఉన్న చిన్న భూమి చెక్క అమ్ముకుని ఇక్కడ పెద్ద బీడు కొని, కొట్టాలు వేసుకుని, ఆ కొట్టాల గుంపును క్యాంపు అన్నారు. రేగడిలో వరి ఏమిటని మా ఊరివాళ్లు మొదట నవ్వారట. నవ్విన వాళ్లలో కొందరి చేలు పల్లాన ఉన్నాయి, మాది కూడా అందులోదే. మిట్టన వాళ్ల మడుల్లో నిలబెట్టిన నీళ్లు భూమిలోకి దిగి, ఏ తొందరా లేకుండా కిందికి నడిచి వచ్చి మా జొన్నచేలో తేలేవి. మొదట ఒక మూల తుంగ మొలిచింది. తరువాత చేను నడుమ చౌడు తెల్లగా పూసింది. జొన్న మోకాలెత్తు వచ్చి, పసుపు రంగు తిరిగి, అక్కడే నిలబడిపోయేది. వరి వేద్దామంటే మా ఇంటాయనకు వరి సాగు రాదు. పొలం చదును చేసి మడులు కట్టాలంటే కావలసినన్ని ఎడ్లు లేవు, మనుషులు లేరు. జొన్న వేద్దామంటే నేల ఒప్పుకోదు. పై చేను క్యాంపు పెద్దాయన ఒకనాడు వచ్చి అరుగు మీద కూర్చుని, "మీ చేను నాకు లావణికి ఇచ్చెయ్యండి. మడులు నేను కట్టుకుంటాను. నాట్లకీ కోతలకీ మీ ఇద్దరూ వద్దురుగాని, కూలి ఎక్కడికీ పోదు" అన్నాడు. లావణి అంటే మా వైపు కౌలు. ఆయన మనసులో అది సాయమే, మంచి మనిషే. మా ఇంటాయన మాత్రం ఆ పూట రొట్టె ముట్టలేదు. తన చేలో తానే కూలికి వంగడం అన్న మాట ఆయనకు గొంతు దిగలేదు.

క్యాంపు పెద్దాయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు వాళ్ల తమ్ముడు బస్సులో వారపత్రికలు పంపేవాడు. కన్నడ బడిలో చదువుకున్న నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పత్రికల్లోంచే. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు కదా, తలకట్టు దగ్గర కొంచెం తికమక పడ్డాను గాని మిగతాదంతా కూడబలుక్కుని చదివేశాను. మాట దగ్గరే ఇద్దరికీ చిక్కు. నేను గిట్ల, గట్ల అంటే ఆమె నవ్వేది, ఆమె అంటున్నది సగం నాకు అందేది కాదు. ఇద్దరిదీ తెలుగే మరి. మొదటి వానాకాలం ఆమె క్యాంపు కొట్టంలో కూర్చుని ఏడవడం నేను చూశాను. "మా ఊళ్లో గడప దిగితే ఇసక నేల అమ్మాయ్. ఇక్కడ బురదలోంచి కాలొస్తుంది గాని చెప్పు రాదు. పోనీ వెళ్లిపోదామంటే ఎక్కడికెళ్తాం? అక్కడ సెంటు భూమి మిగల్చకుండా అమ్ముకొచ్చాం. గోడకి కొట్టిన సున్నం, గీకితే వస్తుందా?" అంది. నాకు ఆమె మీద జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. ఆమె ఇక్కడికి వచ్చి చిక్కుకుంది, ఆమె రావడం వల్ల మేం ఉన్నచోటే చిక్కుకున్నాం. ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసేవాళ్లం.

ఇంతలో మా నాయన నుంచి కబురొచ్చింది. తాను పత్తి తోలే జిన్ను మిల్లులో మనుషులు కావాలట. పత్తిని దిండ్లుగా, అంటే పెద్ద మూటలుగా బిగించి ఎత్తే పని, వారం వారం కూలి, మిల్లు వెనక రేకుల గది కూడా ఇస్తారట. ఆ రేకుల గది నా కళ్లలో అద్దాల మేడలాగా మెరిసింది. కొళాయి ఉంటుంది, బజారు ఉంటుంది, తలకెత్తిన దీపం లాంటి వీధిలైటు ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యం చౌడు ఉండదు. మా అత్త ఒక్క మాటతో ఆ గది తలుపు మూసేసింది. "ఇంటి ముంగట పాతర పెట్టుకొని పోయి, షావుకారు కింద మూటలు మోస్తడా నా కొడుకు? నలుగురు వింటే ఏమంటరు?" మా ఇంటాయన నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చివరికి ఎప్పటిలాగే పాతర వైపు చూశాడు. "అదొకటి ఉన్నది గదా. ఏడాది గింజలు. చేను సుట్టూ బోదె తవ్వుత, ఊట అటే మళ్లిపోతది. నేల ఎండితే మళ్ల జొన్నేస్కోవచ్చు" అన్నాడు. నిజంగానే ప్రతి వేసవీ ఒక్కడే గడ్డపార పట్టుకుని పోయి బోదె తవ్వేవాడు. తవ్వినంత మేర వానకు పూడిపోయేది. అయినా ఆయన నమ్మకం ఆయనది. ఒక ఏడాది కూలికి పోకుండా, పంట కోసం చూడకుండా, పాతర జొన్నలు తింటూ బోదె పూర్తి చేస్తే చేను నిలబడుతుంది, లేకపోతే లావణికి పోతుంది. ఆ ఒక్క ఏడాదీ మూత కింద ఉంది. మా అత్త తెరవనివ్వదు. "కరువు రానియ్. కరువు రాంగనే నేనే తెరుస్త" అనేది.

కరువు ఆమె మాట విన్నట్టు వచ్చింది. డెబ్బైల మొదట్లో మా జిల్లాలో ఆ కాలం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడగండి. మబ్బు పట్టేది, పోయేది. కాలువలో కూడా నీళ్లు తగ్గాయి. పై చేలకే అందని నీళ్లు కింది వాళ్లకు ఎక్కడివి? క్యాంపు మడుల్లో వరి పొట్టకు రాకుండానే ఎండిపోయింది. మా చేను మాత్రం ఎండాక ఇంకా తెల్లబడింది, ఎండలో కళ్లు పెట్టి చూడలేకపోయేవాళ్లం. కరువు పని అని సర్కారు వాళ్లు రోడ్డుకు రాళ్లు కొట్టించారు. మా ఇంటాయన అక్కడికి పోయి అరచేతులు బొబ్బలెక్కి వచ్చేవాడు. ఇంట్లో అంబలి రోజురోజుకూ పల్చబడింది. అప్పుడు వీధిలోని వాళ్లు ఒక్కొక్కరే మా గుమ్మం ముందుకు రావడం మొదలుపెట్టారు. వాళ్లలో పెద్ద, వీధి చివరింటి ముసలాయన, తలపాగా తీసి చేత పట్టుకుని, "అమ్మా, ఇగ తెరువు. పిల్లలు ఉత్త నీళ్లు తాగి పండుకుంటున్నరు" అన్నాడు. మా అత్త బండ మీంచి కదలకుండా, "అమాస పోనీ" అంది.

అమావాస్య పోయింది. మంగళవారం బండ లేపకూడదంది. బుధవారం ఆవు ఈనింది, పురుడు పోవాలంది. ఆ ఆవు ఈని ఎన్ని నెలలైందో వీధికంతా తెలుసు గాని ఎవరూ నోరు మెదపలేదు, పాతర ఉన్న ఇంటిని తప్పు పట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆ తరువాత ఆమె ఎడమ కాలికి ఏదో పట్టేసింది, లేవలేనంది. నేను ఆముదం కాచి రాశాను. రాస్తుంటే గమనించాను, ఆమె కాలు కాదు, మనిషి మొత్తం సన్నగా వణుకుతూ ఉంది. వీధివాళ్లు రోజూ బుట్టలు పట్టుకుని వచ్చి ఎదురుగా గోడ నీడలో కూర్చునేవాళ్లు. ఎవరూ అడగరు, ఊరికే కూర్చుంటారు. ఆమె వాళ్లకు ఎదురుగా బండ మీద కూర్చునేది. తిండికి లోపలికి రమ్మంటే రాదు. నాకప్పుడు పిసినారి ముసలిది అని ఒళ్లు మండిపోయేది. ఇంత కడుపు కాలుతుంటే ఎవరి కోసం దాస్తున్నట్టు అని ఇంటాయనతో గొణిగాను. ఆయన మరుసటి రోజు పొద్దున రాళ్ల పనికి పోలేదు. గడ్డపార భుజాన వేసుకుని పెరట్లోంచి ముందుకు వచ్చాడు.

"లే అమ్మా" అన్నాడు. ఆమె లేవలేదు. "కరువొస్తే నువ్వే తెరుస్తనంటివి. ఇంకేం కరువు రావాలె?" అన్నాడు. ఆమె కొడుకు మొహం చూడకుండా ఎదుటి గోడ నీడలో ఉన్న బుట్టల వైపు చూసింది. నేను పోయి చెయ్యి పట్టుకుని లేపాను. మండుటెండలో ఆ చెయ్యి మంచులా ఉంది. నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. నేను ఇన్నేళ్లు మెత్తిన పేడా మట్టీ గడ్డపార కింద పెంకులు పెంకులుగా లేచిపోయాయి. ముగ్గురు మనుషులు కలిసి బండను పక్కకు దొర్లించారు. పాతర తెరవగానే దిగరు, లోపలి గాలి మనిషిని చంపేస్తుంది. అందుకని ముందు కందీలు వెలిగించి తాడు కట్టి దింపి, దీపం ఆరిపోతుందేమో చూస్తారు. ఆ రోజు కందీలు అవసరమే లేకపోయింది. బండ కదలగానే లోపలి నుంచి వచ్చిన వాసనకు వీధి వీధంతా వెనక్కి జరిగింది. చొప్ప నల్లగా మురిగి జారిపోయి ఉంది. దాని కింద జొన్నలు లేవు, జొన్నల బురద ఉంది. ఆ బురద మీద నీళ్లు నిలిచి, ఆ నీళ్లలో ఆకాశం ముక్క కనిపిస్తూ ఉంది. ఊరంతా నీటి చుక్క లేక ఎండుతుంటే, క్యాంపు మడుల్లోంచి ఏళ్ల తరబడి దిగిన ఊట నీళ్లు మా పాతర అడుగున చల్లగా ఉన్నాయి.

అందరూ ముక్కులు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. మా అత్త ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకోలేదు. మా ఇంటాయన అది చూశాడు. గడ్డపార కింద పెట్టి, "నీకెరుకనా?" అన్నాడు. "ఎరుకే" అంది. "ఎప్పటిసంది?" ఆమె కొడుకు వైపు కాదు, నా వైపు తిరిగింది. "దీని మెడల పుస్తె కట్టకముందుసంది. మూత సందుల పుల్ల పెట్టి సూసిన. తడితడిగ వచ్చింది."  తరువాత ఆమే, ఎవరినో బతిమాలుతున్నట్టు, ఆ గొంతులో నేను అంతకుముందెప్పుడూ వినని మెత్తదనంతో అంది. "మూత ఉన్నన్ని దినాలు నువ్వు రైతువు, బిడ్డా. మూత తీస్తే క్యాంపుల కూలోనివి. అందుకే తియ్యలే." మా ఇంటాయన అక్కడే ఆ మట్టి పెంకుల మధ్య కూర్చుండిపోయాడు. వీధి చివరింటి ముసలాయన తలపాగా మళ్లీ చుట్టుకుని, బుట్ట బోర్లా పట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే అందరూ పోయారు. 

ఇది మా ఒక్క ఇంటి సంగతే కాదని తరువాత తెలిసింది. మాది తెరిచాక పై వీధిలో ఊరిపెద్ద గౌడ ఇంటి ముందర కూడా జనం కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ల పాతరా తెరిచారు, వాళ్లదీ అంతే. నూనెగానుగ వాళ్లదీ అంతే. ఊళ్లో ఒక్క పాతరలో కూడా గింజ మిగల్లేదు. ఆ ఇళ్ల ఆడవాళ్లు కూడా అమావాస్య అమావాస్యకూ మూతలు మెత్తుతూనే ఉన్నారు, పందికొక్కులు చస్తూనే ఉన్నాయి. ఒకరి మూత చూసి ఒకరు ధైర్యంగా ఉన్నారు. ఆ మూతలను చూసి పిల్లలను ఇచ్చారు, పిల్లలను తెచ్చుకున్నారు. నాకు మా అత్త మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆ కోపంతో పాటు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఇంకొకటి కూడా వచ్చింది. సంతోషం. ఇక పాతర లేదు గనుక మమ్మల్ని ఇక్కడ పట్టి ఉంచేది ఏదీ లేదు. ఇక రాయచూరుకు పోవచ్చు.

ఆ రోజుల్లో మా ఊరి మీదుగా యరమరస్ వైపు పోయే బండివాడు ఒకడు ఉండేవాడు. పదిమంది ముందర పాతర మురిగిందని పుట్టింటికి కబురు చెప్పడానికి నోరు రాలేదు. "పాతర తెరిసినం, ఒకసారి వచ్చిపొమ్మను" అని మాత్రం మా నాయనకు చెప్పి పంపాను. మా నాయన వస్తాడు, మిల్లు మాట ఎత్తుతాడు, ఈసారి అత్త అడ్డు రాదు, అని నాలో నేనే లెక్క కట్టుకున్నాను. ఇంటాయనను అడిగితే, "నీ ఇష్టం" అన్నాడు. ఆయనకు అప్పటికి ఇష్టం అనేది ఏమీ మిగల్లేదు. నా చీరలూ, ఆయన పంచెలూ, రెండు గిన్నెలూ ఒక దుప్పటిలో మూట కట్టి తలుపు వెనక పెట్టాను.

మా నాయన బండి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎడ్ల పక్కటెముకలు బయటికి వచ్చాయి, ఆయనవీ అంతే. బండి దిగుతూ నవ్వుమొహంతో దిగాడు. పాతర మూతి మీద మేం కప్పిన ముళ్లకంప చూశాడు, ఇంకా పూర్తిగా పోని ఆ వాసన పీల్చాడు. నవ్వు కొద్దిసేపు అలాగే మొహం మీద ఉండిపోయింది, ఎక్కడ దించాలో తెలియనట్టు. క్యాంపు అక్క పంపిన నూకలతో ఇంత అన్నం వండి పెట్టాను. ఆయన తింటుండగా మా అత్త వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. "అన్నా, నువ్వు పాతర సూసి పిల్లనిచ్చినవు. పాతర లేదు. అప్పుడు కూడ లేదు. నీ బిడ్డను తీస్కపో" అంది. ఆమె అంత సూటిగా మాట్లాడుతుందని నేననుకోలేదు. నాయన ముద్ద నోటి దగ్గరే ఆపి, నా వైపు చూశాడు. నా వెనక తలుపు సందులో మూట కనిపిస్తూ ఉంది. దాన్ని చాలాసేపు చూశాడు. "ఆడికొచ్చి ఏం జేస్తది చెల్లె. పత్తి లేదు, మిల్లు మూసిండ్రు. దిండ్లు కట్టేటోళ్లు అందరు కరువు పనికి పోతున్నరు. మా ఇంట్ల ఒక్క పూటనే పొయ్యి ఎలుగుతుంది" అని, పళ్లెంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పోయేటప్పుడు దారిలో తాగుతాడని నీళ్ల ముంత తీసుకుని బండి దగ్గరికి నేనే పోయాను. ముంత దొర్లకుండా పెడదామని ముందర పరిచిన గడ్డి పక్కకు తోశాను. గడ్డి కింద గోనెసంచులు ఉన్నాయి. దులిపి, చక్కగా మడత పెట్టి, ఒకదాని మీద ఒకటి. ఒకదానికి మా అమ్మ ఎర్రదారంతో వేసిన కుట్లు ఉన్నాయి, ఆమె కుట్టు నాకు తెలుసు. మా అమ్మ వాటిని ఉతికి, చిరుగులు కుట్టి, కూతురింటికి పంపింది. పాతర తెరిచారని కబురు విన్న ఇంట్లో ఆ రోజు ఎంత సందడి జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టింది. చెల్లెళ్లు రాత్రికి రొట్టెలని అనుకుని ఉంటారు. నాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. సంచులను నేను చూడడం ఆయన చూశాడు. గడ్డి మళ్లీ మెల్లగా పైకి లాగి సంచులను కప్పేశాడు. "నిన్ను సూసిపోదామనే వచ్చిన, బిడ్డా" అన్నాడు. "మంచిగ జేసినవు నాయనా" అన్నాను. మూట సంగతి ఆయన అడగలేదు, సంచుల సంగతి నేను అడగలేదు.

ఆ మరుసటేడు వానలు పడ్డాయి, కాలువ నిండింది, మా చేను క్యాంపు పెద్దాయనకు లావణికి ఇచ్చాం. మా చేలో మేమే కూలికి వంగి వరినాట్లు వేశాం, వరుస కూడా నేర్చుకున్నాం. మా అత్త గట్టు మీద కూర్చుని, "అన్నం తింటే గడియకే ఆకలైతది, అదొక తిండా" అని పోయేదాకా తిడుతూనే ఉంది. పిల్లలు పెరిగి రాయచూరు చేరి నన్ను తెచ్చుకునేసరికి నా జుట్టు తెల్లబడింది. ఇవన్నీ వరసగా గడిచాయి, ఏది ఎప్పుడు జరిగిందంటే చెప్పగలను. నాయన బండి ఖాళీ సంచులతో కాలువ గట్టు ఎక్కి పోతుంటే గుమ్మంలో నిలబడి చూసిన ఆ మధ్యాహ్నం మాత్రం నాకు ఇంకా గడవలేదు, మిగిలిన కాలమంతా దాని పక్క నుంచి వెళ్లిపోయింది.